ఉత్తరం ముందు చదవాలి, తర్వాత దేవుని ముందు పరచాలి

బాబూ, నీ ప్రశ్న మూడుసార్లు చదివాను. చెన్నైలో వేళచ్చేరి దగ్గర ఉంటున్నావు, సొంతూరు నెల్లూరు పక్కన. ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. ఫ్లాటు మీద లోను ఉంది, నాలుగు నెలలుగా ఈఎంఐ కట్టలేదు, బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్యోగం పోయిన సంగతి ఆయనకి చెప్పలేదు. పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటికొచ్చి సాయంత్రం దాకా ఎక్కడెక్కడో కూర్చుంటున్నావు. రోజూ ప్రార్థన చేస్తున్నావు, అయినా రాత్రి రెండింటికి గుండె దడతో మెలకువ వస్తోంది. "భయం ఉందంటే విశ్వాసం లేనట్టేనా? దేవుని మీద భారం వేయడం అంటే అసలు ఏం చేయాలి?" అని అడిగావు. చివర్లో "ఒక్కోసారి పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తోంది" అని కూడా రాశావు.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ముందు దాని గురించి చెప్తాను.

ఏలీయా ప్రవక్త కూడా ఆ మాటే అన్నాడు. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసినవాడు, యెజెబెలు రాణి ఒక్క కబురు పంపేసరికి ప్రాణభయంతో పారిపోయాడు. అరణ్యంలో ఒక రోజు నడిచి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయన్ని కోప్పడలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా లేపి, ఈ ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అన్నాడు. ఇకమీదట ఏం చేయాలన్న మాట ఆ రెండు నిద్రలు, రెండు భోజనాలు అయ్యాకే వచ్చింది. కాబట్టి ఆ ఆలోచన మళ్లీ వచ్చిన రాత్రి ఒంటరిగా మోకరించి నెట్టుకురావద్దు. నీ భార్యని లేపు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వానిది. డబ్బులు అడగరు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే, నాన్నగారి డయాలసిస్ కూడా అవిశ్వాసమేనా అని అడుగు. నిద్ర పట్టకపోవడం కూడా ఒంటికి సంబంధించిన బాధే.

ఇప్పుడు నా సంగతి. నాకు 67 ఏళ్లు. వయసులో నువ్వు మా అబ్బాయిలాంటి వాడివి, అందుకే నువ్వు అంటున్నాను. 1981లో గూడూరు నుంచి మద్రాసు వచ్చాను. గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేటులో చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత అడయారు ఏటికి దగ్గర్లో సొంతంగా చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాను. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మెషీను. 2013లో ధైర్యం చేసి 28 లక్షల లోనుతో కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషీను కొన్నాను. 2015 అక్టోబరులో ఇన్సూరెన్సు రెన్యువల్ కట్టాల్సి ఉంది. దీపావళి బోనసులు ఇచ్చాక కడదాంలే అని వాయిదా వేశాను. తప్పు నాదే.

ఆ డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల నీళ్లు వదిలారు. అడయారు పొంగి పొర్లింది. నాలుగు రోజుల తర్వాత షట్టరు ఎత్తితే లోపల మోకాలి లోతు బురద. గోడ మీద నీటి గీత నా తల కంటే పైన ఉంది. లేత్ బెడ్ మీద అప్పటికే ఎర్రగా తుప్పు. సీఎన్‌సీ కంట్రోల్ ప్యానెల్ తలుపు తెరిస్తే నీళ్లతో పాటు ఒక చిన్న చేప బయటికి జారింది. ఆ చేపని చూస్తూ నేను నిలబడ్డ క్షణం ఈరోజుకీ కళ్ల ముందే ఉంది. లేత్‌లని డీజిల్‌తో కడిగి బతికించుకున్నాం. సీఎన్‌సీ బతకలేదు, దాని మీది లోను మాత్రం మిగిలింది. మరుసటి నవంబరులో నోట్ల రద్దు, ఆ తర్వాత జూలైలో జీఎస్టీ. మా దగ్గర జాబ్ వర్క్ చేయించుకునే చిన్న కంపెనీలు ఒకటొకటిగా మూతపడ్డాయి.

ఆ రెండేళ్లలో నేను ప్రార్థన మానలేదు. ఉపవాసం ఉన్నాను, శుక్రవారం రాత్రి జాగరణ ప్రార్థనలకి పోయాను. ఇది నీకు చెప్పడానికి కారణం ఉంది. అన్ని ప్రార్థనలు చేస్తున్నవాణ్ణి, బ్యాంకు నుంచి వచ్చిన కవర్లు మాత్రం ఒక్కటీ చింపలేదు. వెర్నియర్, మైక్రోమీటరు లాంటి కొలత పనిముట్లు పెట్టుకునే సొరుగులో అడుగున పెట్టేసేవాణ్ణి. "ప్రభువా, నీ చేతుల్లో పెట్టేశాను" అనేవాణ్ణి. పెట్టింది ఆయన చేతుల్లో కాదు, సొరుగులో. ఒకరోజు మా ఆవిడ షాపుకి వచ్చి స్కేలు కోసం వెతుకుతూ అవన్నీ బయటికి తీసింది. పదకొండు కవర్లు. నన్ను ఒక్క మాట అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, తారీఖుల వరసలో పేర్చి, ఒక్కొక్కటే చింపి పైకి చదివింది. ఆమె చదువుకుంది తొమ్మిదో తరగతి వరకే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. ఆ గంటసేపు నా ఒళ్లంతా చెమట. కానీ ఆ రాత్రి రెండేళ్ల తర్వాత మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను.

అప్పటిదాకా వందసార్లు విన్న యూదా రాజు హిజ్కియా కథ నాకు ఆ తర్వాతే అర్థమైంది. రెండవ రాజుల గ్రంథం 18, 19 అధ్యాయాలు ఈ వారం నీ భార్యతో కలిసి నెమ్మదిగా చదువు. క్రీస్తుపూర్వం 701 ప్రాంతం. అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చాడు. 46 పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాని పంజరంలో పిట్టలా యెరూషలేములో బంధించానని అతనే ఆరు ముఖాల మట్టి దిమ్మె మీద రాయించుకున్నాడు. అది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంటే ఇది ఊరికే బెదిరింపు కాదు, మెడ మీదికి వచ్చిన కత్తే.

హిజ్కియా మొదట ఏం చేశాడో చూడు. 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం కప్పం అడిగితే, ఖజానా ఊడ్చి, చాలక దేవాలయం తలుపులకు ఉన్న బంగారం కూడా ఒలిచి ఇచ్చాడు. ఇచ్చినా సైన్యం వచ్చింది. నేనూ అదే చేశాను. బ్యాంకు వాయిదా కట్టడానికి మా ఆవిడ గాజులు కుదువపెట్టి, ఆ వడ్డీ కట్టడానికి ఇంకొకచోట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నువ్వు ఫోన్‌లో ఏదో లోన్ యాప్ చూశానని రాశావు. దాని జోలికి పోవద్దు. ఇంట్లో ఉన్న బంగారం ఒలిచి భయం నోట్లో వేస్తే భయం కడుపు నిండదు. అలాగే, "విత్తన కానుక వెయ్యండి, దేవుడు నూరంతలు ఇస్తాడు" అని టీవీలో, యూట్యూబ్‌లో అడిగేవాళ్లకి ఈ సమయంలో ఒక్క రూపాయి పంపొద్దు. సంఘ పెద్దగా చెప్తున్నాను, ఆ డబ్బు నాన్నగారి మందులది.

ఆ తర్వాత అష్షూరు రాజు పంపిన అధికారి రబ్షాకే వచ్చాడు. అతను యూదుల భాషలో గట్టిగా అరుస్తాడు. రాజు మనుషులు బతిమాలారు, అయ్యా, అరామిక్ భాషలో మాట్లాడండి, మాకు అర్థమవుతుంది, గోడ మీది జనం వింటున్నారు అని. వాళ్లు వినాలనే అరుస్తున్నాను అన్నాడు. మా వీధిలోకి వచ్చిన ఫైనాన్స్ మనిషి కూడా అంతే. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. పక్కింటివాళ్లు బయటికొచ్చేదాకా గేటు దగ్గర నిలబడి అరవంలో అరిచాడు. సిగ్గు పుట్టించడమే వాళ్ల పని. జవాబు చెప్పొద్దని రాజు ఆజ్ఞ, జనం మాట్లాడకుండా ఊరుకున్నారు. నువ్వూ వాదనకి దిగకు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. చేస్తే టైము రాసి పెట్టుకో, ఫిర్యాదుకి పనికొస్తుంది. చాలు.

చివరికి అష్షూరు రాజు నుంచి బెదిరింపు ఉత్తరం వచ్చింది. ఇక్కడ వాక్యం జాగ్రత్తగా చూడు. హిజ్కియా ఆ ఉత్తరం తెచ్చినవాళ్ల చేతిలోంచి తీసుకుని చదివాడు. చదివి, మందిరానికి వెళ్లి, దేవుని ముందు విప్పి పరిచాడు. మనం ప్రసంగాల్లో పరిచిన సంగతే చెప్తాం, చదివిన సంగతి దాటేస్తాం. చదవని ఉత్తరాన్ని ఎవరూ పరచలేరు. ఆయన ప్రార్థన కూడా చూడు. అంతా బాగానే ఉంది, శత్రువు లేడు అనలేదు. నిజమే ప్రభువా, అష్షూరు రాజులు ఆ దేశాలను పాడుచేసిన మాట నిజమే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అప్పుడు రక్షించమని అడిగాడు. ఉన్న సమస్యను లేదని నోటితో పలికితే పోతుందని ఈ మధ్య కొందరు నేర్పిస్తున్నారు. హిజ్కియా అలా పలకలేదు. "పిల్లలు పుట్టే వేళ వచ్చింది, కనడానికి బలం లేదు" అని యెషయా ప్రవక్తకి కబురు పంపిన రాజు ఆయన. బలం లేదని ఒక రాజు నోరు తెరిచి చెప్పాడు బాబూ.

భయం సంగతి అడిగావు. నాకు భయం కలిగే రోజున నిన్ను ఆశ్రయిస్తాను అని 56వ కీర్తనలో దావీదు అన్నాడు. భయం పోయిన రోజున అనలేదు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఏడుపులూ మొరలూ. 88వ కీర్తన అయితే చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది, వెలుగు వచ్చిందని ఎక్కడా చెప్పదు. అది కూడా ప్రార్థనే అని దేవుడు ఆ పుస్తకంలో ఉంచాడు. కాబట్టి రాత్రి రెండింటికి వచ్చే దడ పాపం కాదు. ఆ వేళ నువ్వు ఎటు తిరుగుతున్నావన్నదే విశ్వాసం. ఫోన్ తీసి అప్పుల లెక్క వేసుకుంటావా, ఆయన వైపు తిరిగి "భయమేస్తోంది" అని ఒక్క మాట అంటావా? నాకు చాలా రాత్రులు ఆ ఒక్క మాట కంటే ఎక్కువ రాలేదు.

ఇంకొకటి. "దేవుడు మోయలేని భారం ఇవ్వడు" అని నీకు చాలామంది చెప్పి ఉంటారు. ప్రేమతోనే చెప్తారు. కానీ వాక్యంలో ఆ మాట అలా లేదు. మొదటి కొరింథీయులు 10:13లో ఉన్నది పాపం చేయమని లాగే శోధన గురించి. మన తెలుగులో కష్టాన్నీ శోధన అంటాం కాబట్టి రెండూ కలిసిపోయాయి. అది రాసిన పౌలే కొరింథీయులకు రెండో పత్రికలో, మా శక్తికి మించిన భారం వల్ల కుంగిపోయాం, బతుకుతామన్న నమ్మకం కూడా లేకపోయింది అని రాశాడు. భారం నీ శక్తికి మించిందే. నువ్వు బలహీనుడివి కాబట్టి ఇలా అనిపిస్తోందని అనుకోకు.

సరే, పరచడం అంటే ఈ రాత్రి ఏం చేయాలి? నాన్నగారు పడుకున్నాక నువ్వూ నీ భార్యా కింద చాప వేసుకుని కూర్చోండి. బ్యాంకు నోటీసు, ఆసుపత్రి బిల్లులు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు అన్నీ విప్పి పరచండి. ఫోన్లు పక్కన పెట్టండి. ఒకరు పైకి చదవండి, తారీఖుతో, అంకెలతో సహా. చదివాక ఆ అంకెలే దేవునికి చెప్పండి. "సమస్యలన్నీ తీర్చు తండ్రీ" అనొద్దు. "ప్రభువా, 18వ తారీఖులోపు జవాబు రాయాలి, ఏం రాయాలో తెలియడం లేదు" అనండి. తర్వాత కాగితాలు మళ్లీ దాచకుండా ఒక ఫైలులో తారీఖుల వరసలో పెట్టండి. అంతే. పెద్ద మాటలు అక్కర్లేదు.

పొద్దున ఆ ఫైలు తీసుకుని బ్యాంకుకి వెళ్లు. మామూలుగా 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి కింద పడుతుంది. తర్వాత తాకట్టు ఆస్తి స్వాధీనానికి బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇస్తారు. నీకు వచ్చింది అదేనో కాదో చూడు, తారీఖు రాసుకో. అదే అయితే ఆ 60 రోజులు నీవి. నీ అభ్యంతరం, నీ పరిస్థితి రాతపూర్వకంగా ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. ఉద్యోగం పోయిన కాగితం, నాన్నగారి వైద్యం కాగితాలు జతచేసి, వాయిదాలు సర్దుబాటు చేయమని అడుగు. ఒప్పుకోకపోతే ఫ్లాటు నువ్వే అమ్ముకోవడానికి సమయం అడుగు. వేలంలో పోయే ధర కంటే మనం అమ్ముకున్నదే మేలుగా ఉంటుంది. స్వాధీనం దాకా వస్తే 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి ఉంది, దానికి ముందే వకీలుని కలువు. నాన్నగారికి నెల్లూరులో విడిగా రేషన్ కార్డు ఉంటే ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ అవుతుంది, కిడ్నీ రోగులకి పింఛను కూడా ఉంది. మీ ఊరి సచివాలయంలో కనుక్కో. తమిళనాడులో కూడా ముఖ్యమంత్రి బీమా పథకం ఉంది, ఆదాయ పరిమితికి లోబడి ఇస్తారు. ఆసుపత్రిలోనే దాని కౌంటరు ఉంటుంది, అడుగు.

ఇదంతా చేస్తే దేవుణ్ణి నమ్మనట్టు అవుతుందేమో అని అనుమానం రావచ్చు. అదే హిజ్కియా ఊరి బయటి నీటిని పట్టణంలోకి రప్పించడానికి కాలువ తవ్వించాడు. యెరూషలేములో ఆ సొరంగం ఇప్పటికీ ఉంది, 533 మీటర్లు, లోపల నీళ్లలో నడిచి వెళ్తారు. ప్రార్థన చేసిన చేతులే ఉలి పట్టించాయి.

నీకు దాచకుండా ఒకటి చెప్పాలి. హిజ్కియా ప్రార్థన చేసిన ఆ రాత్రి, అష్షూరు సైన్యం చేతికి చిక్కకుండా యెరూషలేము బతికింది, కానీ అంతకుముందే యూదాలోని లాకీషు పట్టణం కూలిపోయింది. అక్కడా ప్రార్థన చేసినవాళ్లు ఉండి ఉంటారు. వాళ్లని ఎందుకు కాపాడలేదో నాకు తెలియదు. మా పెరంబూరు ఇల్లు కూడా నిలవలేదు. 2018లో అమ్మేశాం. పిల్లలు పుట్టిన ఇల్లు అది. తాళాలు ఇచ్చేసి వచ్చాక మా ఆవిడ కొళత్తూరు అద్దె ఇంటి వంటగదిలో గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. 2021 మార్చిలో చివరి అప్పు తీరింది. ఇల్లు తిరిగి రాలేదు. అయినా ఆ ఆరేళ్లలో ఆయన మమ్మల్ని ఒక్కరోజు కూడా వదిలేయలేదని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను. మా లేత్ నడిపే టర్నర్ రెండు నెలలు జీతం తీసుకోకుండా వచ్చాడు. అంబత్తూరులో ఒకాయన రాత్రి షిఫ్టు తన లేత్ వాడుకోమని తాళం చెవి ఇచ్చాడు. సముద్రం చీలలేదు. తాళం చెవి దొరికింది. నీకు ఫ్లాటు దక్కుతుందని నేను మాట ఇవ్వలేను. అది నా చేతిలో లేదు. నువ్వు ఒంటరిగా ఉండవని మాత్రం చెప్పగలను.

చివరగా నాన్నగారి విషయం. ఆయనకి తెలిస్తే తట్టుకోలేడని దాస్తున్నావు. హిజ్కియా తవ్వించిన ఆ సొరంగంలో 1880లో ఒక రాత దొరికింది. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వస్తున్న మనుషులు, ఇంకా మూడు మూరలు ఉందనగా, రాతి అవతల నుంచి తోటివాడి గొంతు విన్నారని అందులో చెక్కారు. ఆరు నెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్న కొడుకు ముఖం ఆ తండ్రికి తెలియదనుకుంటున్నావా? ఏదో జరిగిందని ఆయనకి తెలుసు, అది తన జబ్బు ఖర్చు వల్లే అని లోపల్లోపల కుమిలిపోతూ ఉంటాడు. డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. ఈసారి లాప్‌టాప్ బ్యాగు ఇంట్లోనే ఉంచి ఆయనతో వెళ్లు. మెషీను మొదలయ్యాక స్టూలు దగ్గరికి లాక్కుని, సూది లేని చెయ్యి పట్టుకుని చెప్పు. చెప్పాక ఆయన్ని నీ కోసం ప్రార్థన చేయమని అడుగు. బ్యాంకులో ఏమన్నారో రెండు ముక్కలు నాకు రాయి.